అయిదక్షరాల పేరు

"ఎవరా నివెస్?"

అంతర్జాతీయ పాటల పోటీలో ఇటలీ వంతు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. రంగస్థలం వెనక మొగుడి మెడకు బో టై కడుతున్న ఇమ్మకొలాత ముడిని కాస్త గట్టిగానే బిగించింది.

"ఎవరూ లేరు. పాటలో పేరు, అంతే," అన్నాడు ఫుల్వియో, ఊపిరాడక.

"నా మీదే రాశానని మన వియారెజ్జో ఊరంతా చాటింపేశావు. ఇంట్లో ఒట్టి పియానో వాయించి ఊరించావు. తీరా రిహార్సల్లో వింటే 'నివెస్, తిరిగి రావా' అని ఏడుస్తున్నావు. నేనెక్కడికి పోయానట?"

"నీ పేరు బాణీలో పట్టదే. అక్కడ రెండక్షరాలకే చోటుంది. నీది అయిదాయె."

"అయితే బాణీ సాగదియ్యి."

"ఇన్ని దేశాల వాళ్లు వింటుంటేనా?"

"ఇన్ని దేశాల వాళ్లు వింటుంటే ఇంకొకత్తెను పిలుస్తావా? పిలుచుకో. నేను మా అమ్మ దగ్గరికి నేపుల్స్ పోతా. నీకు మకరోనీ కూడా ఆ నివెసే ఉడకేస్తుందిలే."

అంతలో పిలుపొచ్చింది. ఫుల్వియో పాలిపోయిన మొహంతో వేదిక ఎక్కాడు.

పాట మెల్లగా, దిగులుగా మొదలైంది. పేరు వచ్చే చోటు దగ్గరపడింది. పక్క తెర చాటున ఇమ్మకొలాత చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అతను కళ్లు మూసుకున్నాడు.

"ఇమ్మ... కొ... లా... తా..."

వయొలిన్లు ముందుకు వెళ్లిపోయాయి. వాద్యబృందాన్ని నడిపే ఒత్తొరీనో చేతిలోని కర్ర గాలిలోనే ఆగింది. మరుక్షణం ఆయన మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ బార్లా చాపి అందరినీ ఆ స్వరం మీదే నిలిపాడు. రెండోసారి ఆ పేరు వచ్చేసరికి బాకాలు కూడా కలిశాయి. మూడోసారి హాలు హాలంతా అందుకుంది. పై అంతస్తులో పాటలు వినడానికొచ్చిన నావికులు కాళ్లతో తాళం వేశారు.

నార్వే వాళ్లు మార్కులు కుమ్మరించారు. బెల్జియం వాళ్లూ అంతే. చివరి దేశం చెప్పేసరికి ఇటలీదే మొదటి స్థానం.

ఫుల్వియో పరుగెత్తుకొచ్చి పెళ్లాన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆమె చెప్పు ఒకటి ఎగిరి ఎక్కడో పెద్ద డోలు మీద పడి ధన్‌మంది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"పట్టదన్నావుగా?"

"ఇకమీద అన్నీ అయిదక్షరాల్లోనే రాస్తా తల్లీ."

ఒత్తొరీనో చెమటలు కక్కుతూ వచ్చి ఇమ్మకొలాత రెండు చేతులూ ముద్దు పెట్టుకున్నాడు.

"గెలిపించింది మీ పేరేనమ్మా. అయితే ఇంటికెళ్లి మా ఆవిడకు కొత్తగా నేర్పాలి. మీ ఆయన ఈ పాట నా చేతికివ్వడానికి నెల ముందు నుంచీ వంటింట్లో పాత పేరుతోనే పాడుకుంటోంది, మా నివెస్."