పజూజు కాపలా

మా అపార్ట్‌మెంట్‌లో పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉయ్యాలకి పజూజు తల వేలాడుతుంది. కుక్క మూతి, మిడిగుడ్లు. బాబిలోన్ కాలంలో లమష్టు అనే రక్కసి ఇళ్లలోకి దూరి, "బిడ్డనిలా ఇవ్వండి, పాలు పడతాను" అని అడిగి చంపేసేదట. దాన్ని తరిమే భూతం పజూజు. ఇప్పుడది యంత్రం. ఇంట్లోవాళ్ల గొంతులు నేర్చుకుని, తెలియని ఆడగొంతు ఆ మాటంటే ఉయ్యాల మూత వేసేస్తుంది. ఇంటి తలుపు తాళం కూడా దాని చేతిలోనే. ఒక పజూజు పట్టుకున్న రక్కసిని మిగతా పజూజులన్నీ గుర్తుపెట్టుకుంటాయి.

అమ్మ దానికి కుంకుమబొట్టు పెట్టి, అందరి గొంతులూ ఎక్కించింది, నాది తప్ప. "పురిటి మైలతో దాని ముందుకి రాకు మహతీ. పదకొండో రోజు స్నానమయ్యాక చూద్దాం" అంది. రోజూ పాపని తనే నా గదికి తెచ్చేది.

తొమ్మిదో రోజు పొద్దున్న పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఆగలేక వెళ్లాను.

"బిడ్డనిలా ఇవ్వమ్మా, పాలు పడతాను."

ఉయ్యాల మూత టక్కున పడింది. అమ్మ ఎంత బతిమాలినా పజూజుది ఒకటే మాట: "రక్కసి ఇల్లు వదిలితేనే తీస్తాను."

"లోపల పిల్లకి ఊపిరాడదే! బయటికెళ్లు తల్లీ!" అని అమ్మ ఏడ్చింది.

వెళ్లాను. నా వెనకే తలుపుకి తాళం పడింది. జాకెట్టు పాలతో తడిసిపోయింది. సాయం కోసం ఎదురింటివాళ్లని పిలిచాను.

వాళ్ల తలుపుకీ తాళం పడింది. ఆ పక్కింటికీ. తర్వాత పై అంతస్తులో, ఒకదాని వెనక ఒకటి.