జాంబవంతుడి చాయ్

"సముద్రం దాటెటోనివి, గీ నాలుగు లైన్లు దాటలేవా అంతన్నా?"

పరశురాములు చేతిలో తాళం వేస్తున్న చెక్క చిరుతలు ఆపి మరీ గద్దించాడు. చిరుతల రామాయణం నేర్చుకుంటున్న జట్టంతా నవ్వింది. హనుమంతుడి వేషం దొరికిన అంతయ్య తల గోక్కున్నాడు. పద్యం సగంలోనే ఎగిరిపోయింది, ఎప్పటిలాగే.

"ఏంజెయ్యాలె పరశురామన్నా, హనుమంతుడు సుత తన బలం మరిచిండట గదా."

"అందుకే నేను జాంబవంతున్నయిన. నువ్వు మరుస్తనే ఉండు, నేను యాది చేస్తనే ఉంట!"

మళ్లీ నవ్వులు. అంతయ్య కూడా నవ్వాడు. లోపల మాత్రం గుబులు.

అంతయ్య కరీంనగర్‌లో ఆటో నడుపుతాడు. అరవై దగ్గర పడుతున్నాయి. ఒంట్లో హెచ్ఐవీ ఉందని తెలిసి చాలా ఏళ్లయింది. రోజూ రాత్రి ఎనిమిదికి ఒక గోలీ, మిగతాదంతా మామూలే. ఇంటి దిక్కు ఆ సంగతి ఎరిగింది భార్య సారక్క ఒక్కతే. మొన్న చలికాలంలో మాత్రం ఒక ముసలమ్మను ఆటోలో ఎక్కించుకొని, ఎక్కడికి పోవాలో దారిలోనే మరిచిపోయాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ మరిచాడు. "బిడ్డా, నువ్వు దిగు, నేను నడుపుత" అంది ముసలమ్మ.

గోలీలు తెచ్చుకునే ఆసుపత్రిలో కౌన్సెలర్ రోజారాణికి ఆ ముచ్చట చెప్పుకున్నాడు.

"వయసు మీద పడ్డంక గీ జబ్బున్నోళ్లకు మతిమరుపు జర ముందుగాల రావొచ్చు. భయపడకండ్రి, డాక్టర్ చూస్తడు. గోలి తప్పద్దు. బీపీ, షుగర్ చూపిచ్చుకోండ్రి. రోజు నడువుండ్రి. కొత్తది ఏదన్న నేర్చుకోండ్రి, నలుగుట్ల కలువుండ్రి. పరశురాములన్న చిరుతలు నేర్పుతుండు, అటు పోండ్రి."

"నా సంగతి ఆయనకు చెప్తరా మేడం?"

"ఎవ్వల సంగతి ఎవ్వలకూ చెప్ప."

అంతయ్య చిరుతలు పట్టాడు.

పరశురాములుది అదో పద్ధతి. యాభై దాటనివాడిని జట్టులోకి రానివ్వడు. తాళం మొదలుపెట్టే ముందు అందరినీ చెమట పట్టేదాకా గుడి చుట్టూ నడిపిస్తాడు. కల్లు వాసన వచ్చిందంటే ఇంటికి తోలుతాడు. ఇక ఎనిమిది అయిందంటే లంక తగలబడుతున్నా సరే, "చాయ్!" అని కేక వేస్తాడు.

ఆ చాయ్ అంతయ్యకు దేవుడిచ్చిన వరం. గ్లాసు చేతికి రాగానే అందరూ తలో దిక్కు పోతారు. రాముడు నల్లా దగ్గరికి, రావణుడు మైకు డబ్బాల వెనక్కి. బీడీలకు పోతున్నారులే అనుకొని, అంతయ్య తన ఆటో చాటుకు పోయి గోలీ మింగి వచ్చేవాడు. ఎవరైనా చూస్తే? మళ్లీ తనతో ఎవరైనా చిరుతలు కలుపుతారా?

శ్రీరామనవమి రోజు సాయంత్రం ఆట.

సారక్క ఇంట్లోనే అతనికి తోక కడుతూ, "మరిస్తే మరిచినవ్ తియ్. జనం నవ్వుతరు, గంతే గదా" అంది.

"నవ్వితే నవ్వనియ్. ఇయ్యాల గా పద్యం మరిస్తే మాత్రం నా మతి పోయినట్టేనే."

గుడిలోకి పోయి హనుమంతుడికి దండం పెట్టుకున్నాడు. "స్వామీ, నీ బలం నీకే యాదికి లేకుండె. నేను మరిస్తే తప్పా?"

ఆట మొదలైంది. సుగ్రీవుడి దగ్గర ఒక్క మాట తప్పలేదు. ఉంగరం దగ్గర తప్పలేదు. సారక్క ముందు వరుసలో కూర్చొని పండ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. సముద్రం ఒడ్డు వచ్చింది. హనుమంతుడు తల వంచుకొని కూర్చున్నాడు. జాంబవంతుడు బలం గుర్తు చేస్తాడు, ఇతను లేచి పద్యం అందుకోవాలి.

అప్పుడు పడింది అంతయ్య చూపు, గుడి గోడ గడియారం మీద. ఎనిమిది దాటింది. ఆట రోజు కదా, చాయ్ లేదు. గోలీ చొక్కా జేబులో ఉంది. చొక్కా ఇంట్లో కొక్కేనికి ఉంది.

అంతే, పద్యం మొత్తం గాలికి పోయింది. మొదటి మాట కూడా లేదు. జనంలో గుసగుసలు. సారక్క నవ్వు ఆగిపోయింది.

నల్ల గొంగడి కప్పుకున్న జాంబవంతుడు చిరుతలు వాయిస్తూ అతని చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. చెవి దగ్గరికి వంగాడు. తిట్టు పడుతుందని అంతయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పద్యం ఏడికీ పోదు, ముందుగాల గిది మింగు," అంటూ జాంబవంతుడు గొంగడి చాటు నుంచి అచ్చం అతను రోజూ మింగే గోలీనే అతని అరచేతిలో పెట్టాడు, "రాముడు, లక్ష్మణుడు, రావణుడు, నేను, అందరం మింగినం, నువ్వొక్కనివే మిగిలినవ్."