పక్క సీటు

సరిగ్గా బయల్దేరే ముందు బావమరిది కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

కళ్ళద్దాల షాపాయన గుండెల్లో రాయి పడింది. పక్క సీట్లో మనిషి లేకపోతే పోటీలో కారును బయల్దేరనివ్వరు.

మైదానంలో ముప్పై ఒక్క కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకే రకం, అన్నీ పాతవే. ఒకప్పుడు తమ కారు ఒక పెద్ద పోటీలో గెలిచిన గుర్తుగా కంపెనీ వాటిని రెండు వందలే చేసింది. ఎర్ర రంగు, మధ్యలో పొడుగునా రెండు తెల్ల చారలు, స్టీరింగు పక్కన గుండ్రటి గడియారం. ఈ కార్లవాళ్ళు కలుసుకుంటే ఒకరి కష్టసుఖాలు ఒకరు అడగరు, సీటు మీద తోలు అసలుదేనా అని అడుగుతారు.

షాపాయన స్కూలుకెళ్ళే రోజుల్లో ఒక డాక్టరు గారింటి ముందు అలాంటి కారు ఆగి ఉండేది. రోజూ దాని అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసేవాడు. నలభై దాటాక నానా తంటాలు పడి ఒకటి కొనుక్కున్నాడు.

దాన్ని భార్య 'సవతి' అని పిలుస్తుంది. సవతి వచ్చి ఆరేళ్ళయింది. ఇంటికున్న ఒక్క షెడ్డూ దానికే పోయింది. ఆమె కుట్టు మిషన్లు మెట్ల కింద మూలుగుతున్నాయి. ఏటా పోటీకి వెళ్ళడం, ఉత్త చేతులతో రావడం చూసి చూసి ఆమె నిన్న తేల్చి చెప్పేసింది. ఈసారి కప్పు తెస్తే సరే, లేదంటే కారు అమ్మేసి షెడ్డు ఖాళీ చెయ్యాలి. ఆయన వెనకా ముందూ చూడకుండా సరేనన్నాడు.

ఇప్పుడేమో బావమరిది ఇలా.

తాడు అవతల జనంలో ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో గుడ్డ సంచీ, మందపాటి కళ్ళద్దాలు. షాపాయన చూపు ముందు ఆ అద్దాల మీదికే పోయింది. ఫ్రేము వంకరగా ఉంది.

"పెద్దమ్మా, చదవడం వచ్చా?"

"వచ్చు బాబూ."

"గంట సేపు నా పక్కన కూర్చుని ఈ పుస్తకంలో దారి చదివి పెడతారా?"

ఆమె కారు వంక కాసేపు చూసింది. తర్వాత తాడు కిందనుంచి వంగి వచ్చేసింది. ఎవరూ చెప్పకుండానే సీటు ముందుకు జరుపుకుని బెల్టు పెట్టుకుంది. సంచీలోంచి పెన్సిలు తీసి చెవి మీద దోపుకుంది.

ఇది ఎవరు ముందొస్తారన్న పోటీ కాదు. ప్రతి మజిలీకీ ఒక టైము ఇస్తారు, సరిగ్గా ఆ టైముకే చేరాలి. ఆలస్యమైతే మార్కులు పోతాయి, ముందొస్తే అంతకు రెట్టింపు పోతాయి. ఈ సంగతి షాపాయనకు కంఠతా వచ్చు. కాకపోతే ఇంజన్ మోత వింటే చాలు, ఆయన కుడి కాలు ఆయన మాట వినదు.

ముసలామె చదవడం మొదలుపెట్టింది. కల్వర్టు దాటాక ఎడమకు, తగ్గించు. మిల్లు దగ్గర కుడికి, తగ్గించు. ఇక నొక్కొచ్చు. మొదటి రెండు మజిలీలకూ సెకను తేడా లేకుండా చేరారు. ఆరేళ్ళలో ఎన్నడూ ఎరగని ముచ్చట అది. షాపాయన మనసులోనే కప్పుకి అలమారలో చోటు చూసేశాడు.

మూడో మజిలీలో ఆయన కళ్ళు కారు గడియారం మీద పడ్డాయి.

"కొంప మునిగింది. ఏడు నిమిషాలు వెనకబడ్డాం."

"లేదు, సరిగ్గానే ఉన్నాం." ఆమె తన చేతి వాచీ చూపించింది. "దాన్ని నమ్మకు. ఇంజన్ వేడెక్కితే అది తొందరపడుతుంది."

"అది ఒరిజినల్ పెద్దమ్మా. ఈ రెండు వందల కార్లకే పెట్టారు."

"అందుకే చెబుతున్నా."

ఆయనకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా తుడిచి తుడిచి అపురూపంగా చూసుకుంటున్న గడియారానికి దారినపోయే మనిషి వంక పెట్టడమా? కాలు నొక్కాడు. ఆమె తగ్గించమంది. ఇంకా నొక్కాడు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈయన పెడచెవిన పెట్టాడు.

ఆమె పుస్తకం మూసేసింది.

"ఆ బస్టాపు దగ్గర దింపేయ్ బాబూ. నువ్వు వినేటట్టు లేవు, నాకేమో చూస్తూ ఊరుకోవడం చేతకాదు."

ఆయన అక్కడే దింపేశాడు. ఆమె దిగి, ఇక వెళ్ళమన్నట్టు కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టింది. ముఖంలో కోపం లేదు సరికదా, నవ్వుతోంది కూడా.

ఈల వేసుకుంటూ మైదానంలోకి తిరిగొచ్చాడు షాపాయన. స్టాప్‌వాచీ పట్టుకున్న అమ్మాయి, ఏడు నిమిషాలు ముందొచ్చారని రాసుకుంది. ఇన్నేళ్ళుగా ఎందుకు ఓడిపోతున్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది. కప్పు ఇంకెవరిదో అయింది.

భార్య అక్కడే తమ్ముడి చేత మాత్రలు మింగిస్తోంది. దాచి లాభం లేదని ఆయన జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"మీరు ఎవరి మాటా వినరని పెళ్ళయిన పన్నెండేళ్ళుగా నేను మొత్తుకుంటున్న సంగతి ఆవిడ గంటలో కనిపెట్టింది. సరే, ఒక పని చేయండి. ఆవిణ్ని వెతికి, తప్పయిందని చెప్పి, మనింటికి తీసుకురండి. ఆవిడ ఉంచుకోమంటే కారు ఉంచుకుందాం. నా మిషన్ల సంగతీ ఆవిడే తేలుస్తుంది."

ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క పరుగున క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్ళాడు.

సెక్రటరీ దిగాలుగా వేదిక మీద నడిమి కుర్చీ తీయించేస్తున్నాడు. ముఖ్య అతిథి రావడం లేదట. ఇందాకే ఫోన్ చేసి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతున్నానని, ఇన్నేళ్ళకు మళ్ళీ కారు షికారు చేశానని, తనకది చాలని చెప్పిందట.

షాపాయనకు ఇవేవీ చెవికెక్కలేదు. గుడ్డ సంచీ, వంకర ఫ్రేము, చెవి మీద పెన్సిలు ఉన్న పెద్దమ్మ ఎవరో తెలుసా అని అడిగాడు.

సెక్రటరీ కుర్చీ వదిలేసి ఆయన వంక చూశాడు.

"తెలియకపోవడమేమిటండీ, ఆనాటి పెద్ద పోటీలో వైపరు విరిగి, అద్దం నిండా బురద పడి, చివరి పది కిలోమీటర్లు డ్రైవరుకి దారే కనబడకపోతే, పక్క సీట్లో కూర్చుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు విన్నాడు కాబట్టే ఆయన గెలిచాడు, మీ కారు పుట్టింది."