ఎర తొట్టి

ఆ రోజు కూడా చచ్చిన రొయ్యలే తెచ్చాడు బంగార్రాజు.

సత్తు గిన్నె అరుగు మీద ఠపీమని పెట్టాడు. గిన్నెలో పది పన్నెండు రొయ్యలు, తెల్లగా పాలిపోయి, కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

“మళ్ళీనా?” అంది వీరవేణి పొయ్యి దగ్గర్నుంచి.

“పండుగప్ప చేప చచ్చిన ఎర ముట్టదే. గేలానికి గుచ్చాక కూడా రొయ్య కాళ్ళాడిస్తుండాలి. వీటితో నేనేం చెయ్యను?” ఇల్లంతా వినపడేలా విసుక్కున్నాడు బంగార్రాజు.

“రొయ్యల చెరువు మీద జీతానికుంటావు. ఎకరాలకెకరాలు పెంచుతావు. దోసెడు రొయ్యల్ని ఒక్క రాత్రి బతికించలేవా?”



అతను ఎర రొయ్యలుంచే ఆ తొట్టి అంటేనే వీరవేణికి మంట. చెరువు దగ్గర ఖాళీ అయిన నీలం డ్రమ్ము తెస్తే మంచినీళ్ళు పట్టుకుందామని వేసవంతా అడిగింది. చివరికి తెచ్చాడు, తెచ్చి సగానికి కోశాడు. రేవులో వలల పాక పక్కన పెట్టి, ఎర రొయ్యలకి తొట్టి కట్టానన్నాడు. అదెలా ఉందో కూడా ఆమె చూడలేదు. ఇంట్లో మంచం మీద మనిషిని వదిలి రేవుదాకా వెళ్ళే తీరిక ఆమెకి లేదు.

మంచం మీది మనిషి ఆమె తండ్రి అప్పాజీ. నిరుడు నవంబరు తుఫానుకి పడవా పోయింది, పడవ మీదున్న కొడుకు గణేష్‌బాబూ పోయాడు. కూతురు ఆయన్ని తన ఇంటికి తెచ్చుకుంది. అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెడితే నాలుగు ముద్దలు తింటాడు. పిలిస్తే పలకడు.

వరసగా అయిదో రోజు బంగార్రాజు గిన్నె పెట్టి విసుక్కుంటుంటే, మంచం మీంచి గొంతు వినిపించింది.

“నీళ్ళెక్కడియ్యిరా?”

వీరవేణి చేతిలో గరిటె ఆగిపోయింది.

“బోరు నీళ్ళు మావా” అన్నాడు బంగార్రాజు.

“బోరు నీళ్ళు పోస్తే చావక ఏం చేస్తయ్యి? పోటెక్కేటప్పుడు ఏట్లో నీళ్ళు తేవాలి. అదీ రొయ్యల్ని పట్టిన చోటే తేవాలి.”

మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు అప్పాజీ.

వీరవేణికి ఏడవాలో సంతోషించాలో తెలియలేదు. ఏడు నెలలుగా నాన్నా నాన్నా అని తను పిలుస్తుంటే పలకనివాడు, వెధవ రొయ్యలకి పలికాడు.

మర్నాడు మళ్ళీ చచ్చిన రొయ్యలే వచ్చాయి.

“ఎన్ని వేసేవు?” అన్నాడు అప్పాజీ.

“రెండొందలు మావా.”

“బుద్ధుందా నీకు? ఆ తొట్టికి అరవై వేస్తే ఎక్కువ. గాలి అందొద్దా వాటికి?”

ఆ తర్వాతి రోజు తొట్టి మీద ఎండ పడుతోందని తేలింది. తడి గోనె కప్పమన్నాడు. ఇంకో రోజు చేత్తో పట్టుకుని వేస్తున్నాడని తేలింది. ఆ రోజు లేచి కూర్చుని మరీ తిట్టాడు. చెంబుతో నీళ్ళు తీసి, పైనుంచి నురుగొచ్చేలా ఎలా పొయ్యాలో చెయ్యెత్తి చూపించాడు. బంగార్రాజు తలొంచుకుని అన్నీ విన్నాడు. పొద్దున్నే గిన్నె మాత్రం అలాగే వచ్చేది.

పదో రోజుకి వీరవేణికి ఓపిక చచ్చిపోయింది.

“రేపు గనక చచ్చిన రొయ్య ఇంటికొస్తే, నేనే వెళ్ళి ఆ డ్రమ్ము పట్టుకొచ్చేస్తాను” అని మొగుడితో అంది. తండ్రి వైపు తిరిగింది. “నువ్వైనా అన్నీ ఒకేసారి చెప్పొచ్చుగా నాన్నా. రోజుకొకటి చెప్తావేంటి?”

“వాడు రోజుకొక తప్పు చేస్తుంటే నేనేం చెయ్యను?” అన్నాడు అప్పాజీ. తర్వాత అల్లుణ్ణి అడిగాడు. “చచ్చినదాన్ని చచ్చినట్టు తీసేస్తున్నావా?”

“లేదు మావా. తెల్లారేకే తీస్తన్నాను.”

“అదేరా నీ తప్పు. చచ్చినదాన్ని అక్కడే ఉంచుకుని కూచుంటే, బతికున్నయ్యి కూడా…”

మాట మధ్యలో ఆగిపోయాడు. గిన్నె వైపు చూశాడు. తల తిప్పి కూతురి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇంత చిక్కిపోయావేంటే” అన్నాడు.

వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అప్పాజీ చొక్కా అడిగాడు. చేతికర్ర అడిగాడు. “వాడికి చెప్తే అవదు. నేనే చూస్తాను, పద” అని గడప దాటాడు. వీరవేణి పొయ్యి ఆర్పేసి, పడిపోతాడేమోనన్న భయంతో వెనకాలే నడిచింది.

రేవులో అప్పాజీని చూసి వలలు విప్పుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన ఎవరినీ పట్టించుకోలేదు. తిన్నగా పాక దగ్గరికెళ్ళి తొట్టి మీది గోనె తీశాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గోనె కదలగానే రొయ్యలన్నీ చివ్వున వెనక్కి దూకాయి.

“చెప్పినట్టు చేస్తే ఎందుకు బతకవు?” అన్నాడు అప్పాజీ. వేలు ముంచి నాలిక మీద రాసుకుని ఉప్పు చూశాడు. గోనె కట్టిన ముడి బాగాలేదని అల్లుణ్ణి మళ్ళీ తిట్టడం మొదలెట్టాడు. బంగార్రాజు పక్కనే నిలబడి ఊఁ కొడుతున్నాడు.

వీరవేణి అలా చూస్తూ ఉండిపోయింది. పక్కనే చేపలు ఏరుకుంటున్న సూరమ్మ ఆమె కొంగు పట్టుకు లాగి, చిన్నగా అడిగింది.

“ఏమే వీరవేణీ, ఆ తొట్టి కట్టిన కాణ్ణించీ అందులో ఒక్క రొయ్యా చావలేదు గదా, మరి మీ ఆయన రోజూ పొద్దున్నే నా బుట్టలో చచ్చిన రొయ్యలు ఏరి పట్టుకెళ్తాడు, ఎందుకే?”