దిష్టి గొట్టం

"ఆ గొట్టం మీద సెయ్యి ఏసేవంటే రేపట్నుంచి నువ్వు పన్లోకి రానక్కర్లేదు!"

గణపతిరావు అరిచిన అరుపుకి డ్రైవర్ కూర్మారావు చేతిలోని కొబ్బరిపీచు కిందపడింది. రాయగడ బజారులో ఉల్లిపాయల టోకు వర్తకుడాయన. మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినిపిస్తుంది, ఇక అరిస్తే చెప్పేదేముంది!

"పండగ గదా బాబూ," అన్నాడు కూర్మారావు నీళ్లు నములుతూ. "ఆయుధపూజకి కారంతా అద్దంలా సేసేను. ఈ సైలెన్సర్ గొట్టం ఒక్కటీ మాడిన మూకుడులా ఉండిపోయింది. స్టాండులో డ్రైవర్లందరూ మన కారెనకాల నిలబడి నవ్వుతన్నారు."

"నవ్వనీ. అది కారుకి దిష్టిసుక్క. తుడిసెస్తే కారుకీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. అర్థమైందా?"

"అయ్యింది బాబూ."

అర్థం కాలేదు గానీ, కాలేదని ఎలా అంటాడు? ఇంటి దగ్గర భార్య గౌరికి నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది. పండగపూట పని పోగొట్టుకుని ఆ పిల్ల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? గొట్టం నల్లగా ఉంటే తన సొమ్మేం పోయింది! పీచు తీసి బకెట్లో పడేశాడు.

గణపతిరావు బంతిపూలూ, బూడిదగుమ్మడికాయా తేవడానికి రిక్షా ఎక్కాడు. ఆయన అటు వెళ్లాడో లేదో, ఇటు ఆయన భార్య సత్యభామ పసుపూ కుంకుమా పళ్లెంతో బయటికొచ్చింది. కారు ముందు బొట్టు పెట్టింది, తలుపులకి పెట్టింది, చక్రాలకి పెట్టింది. వెనక్కి వచ్చి ఠక్కున ఆగిపోయింది.

"ఇదేటిరా ఇది? ఒళ్లంతా తలంటి, మూతి కడగడం మరిసిపోయినట్టుంది!"

"అయ్యగోరు తుడవద్దన్నారమ్మా. దిష్టిసుక్కంట."

"దిష్టిసుక్క బుగ్గ మీద ఓ పక్కన పెడతారు గానీ, ఇలా మొహమంతా పులుముతారేటి? అమ్మవారికి దణ్ణం పెట్టే పూట ఈ మసేటి? తోమీ!"

"నా పని పోద్దమ్మా!"

"ఎలా పోద్దో నాను సూస్తాను. ఈ ఇంట్లో పూజలు ఆయన సేస్తన్నారా, నాను సేస్తన్నానా?" విసురుగా లోపలికెళ్లి నానబెట్టిన చింతపండూ, పొయ్యిలో బూడిదా తెచ్చి అతని ముందు పెట్టింది. "నువ్వు తోమనంటే సెప్పు. కొంగు బిగించి నానే కూకుంటాను."

ఇరుకున పడడమంటే ఇదే. అయ్యగారి మాట జవదాటితే ఉద్యోగం రేపు పోతుంది, అమ్మగారి మాట జవదాటితే ఇప్పుడే పోతుంది. భారం అమ్మవారి మీద వేసి కూర్మారావు కారు వెనకాల చతికిలబడ్డాడు.

మసి అంత తేలిగ్గా వదిలితేనా! పొగా, ఆయిలూ కలిసి తారులా పట్టేసింది. చింతపండు రుద్ది, బూడిద పోసి, జబ్బలు పీకేదాకా తోమాడు. ఇన్నేళ్లలో అతను తోమిన ఏ గొట్టానికైనా మసి కింద ఉండేది తుప్పే. ఇక్కడ తుప్పు లేదు. గోరంత మేర, పసుప్పచ్చగా ఏదో మెరిసింది. తడిగుడ్డతో తుడిచాడు. మెరుపు బెత్తెడైంది.

"అమ్మగోరూ..." అని కేకేసి, మిగతా మసి కూడా గబగబా తుడిచేశాడు.

గొట్టం కొసకి జానెడు పొడుగున ఒక తొడుగు బిగించి ఉంది. పొద్దుటెండ దాని మీద పడేసరికి వెనకాల గోడంతా వెలుగు పాకింది. అబ్బ, ఏం వెలుగది! కళ్లకి గుచ్చుకునేది కాదు, చూస్తూ కూర్చోవాలనిపించేది. అందులో కనిపిస్తున్న మొహం తనదేనా అని కూర్మారావు గడ్డం తడుముకున్నాడు. రోజూ పొగ కక్కే చోట ఇంత అందం దాక్కుని ఉందా! తెలీకుండానే రెండు చేతులూ జోడించాడు.

సత్యభామ పళ్లెం కింద పెట్టి మరీ వంగి చూసింది. "ఏటిత్తడిరా ఇది! మా పుట్టింటోళ్లిచ్చిన బిందె కూడా ఎప్పుడూ ఇలా మెరవలేదు!"

పక్కింటి అమ్మన్నమ్మ తొంగిచూసి, "ఓలమ్మో! అమ్మవారి మొహంలాగుందే!" అంటూ లెంపలేసుకుంది. దారినపోయేవాళ్లు ఆగారు. నిన్నటిదాకా నవ్విన డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, గుళ్లో ఉన్నట్టు గుసగుసలే. అమ్మన్నమ్మ ముందుకొచ్చి కుంకుమ కూడా పెట్టేసింది.

అప్పుడే రిక్షా వచ్చి ఆగింది. గణపతిరావు జనాన్ని చూశాడు. జనం చూస్తున్నదాన్ని చూశాడు. చేతిలో గుమ్మడికాయ జారి ముక్కలైంది.

ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకున్నారందరూ. అరవలేదు. "లోపల ప్రసాదం ఎడతన్నారు, ఎల్లండెల్లండి" అంటూ భార్యతో సహా అందర్నీ ఇంట్లోకి తోలేశాడు. భుజం మీది కొత్త పట్టుకండువా లాగి గొట్టానికి గబగబా చుట్టేశాడు.

కూర్మారావుకి పైప్రాణాలు పైనే పోయాయి. కాళ్ల మీద పడ్డాడు.

"బాబూ, తప్పయిపోయింది. ఆ మసేదో మళ్లీ నానే పూసెస్తాను. ఇంటికాడ గౌరికి నెలలు నిండిపోనాయి. నన్ను పన్లోంచి తీసీకండి బాబూ!"

గణపతిరావు అతన్ని రెండు చేతులతో లేవనెత్తాడు. అటూ ఇటూ చూశాడు. ఆ పెద్ద గొంతుని ఎన్నడూ లేనంతగా తగ్గించి, చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు:

"నిన్నెలా తీసెత్తాన్రా నాయనా! ఆళ్లందరూ ఇత్తడనుకున్నారు. సోదాకొచ్చిన గవర్నమెంటోళ్లకే దొరకని మా ఇంటి బంగారం ఎక్కడుందో తెలిసినోడివి ఇప్పుడు నువ్వొక్కడివే గదరా!"