చెంబు మీద పేరు

కోయంబత్తూరు పాత బట్టల అంగళ్లన్నీ గాలించి కృత్తిక తెచ్చిన బెల్‌బాటమ్ ప్యాంటును తాత వేలుసామి ఆశగా తడిమాడు.

"అచ్చం ఇట్లాంటిదే కన్నూ! పెళ్లైన కొత్తలో దండెం మీద ఆరేస్తే ఎవడో ఎత్తుకుపోయినాడు."

"దానికీ దీనికీ పోలికా?" అవ్వ సౌందరం మూతి తిప్పింది. "పాత బట్టలకు పాత్రలిచ్చేవాడు దానికి ఇంత పెద్ద చెంబిచ్చె..." అని నాలిక కరుచుకుంది.

"నువ్వే ఇచ్చేసినావా?" తాత అదిరిపడ్డాడు.

"మరి? అది వేసుకొని మీరు బయలుదేరితే వీధిలో ఆడోళ్లంతా వాకిట్లోకి వస్తా ఉండ్రి!"

కృత్తిక వంటింట్లోంచి ఆ ఎవర్‌సిల్వర్ స్టీలు చెంబు తెచ్చింది. ఇంట్లో పాత్రలన్నిటి మీదా అవ్వ పేరే. దీనిమీద మాత్రం తాత పేరెందుకు చెక్కించిందో ఇప్పుడు తెలిసింది.

"యాభై ఏండ్లు దొంగ చేతి నీళ్లే తాగినానా!" తాత నవ్వుతూ ప్యాంటు అందుకున్నాడు.

"వేసుకోండి," అంది అవ్వ, వీధి తలుపు గడియ పెడుతూ.