నాలుగు గాట్లు

తిరుమల్ తన పొట్ట కొట్టాడని జలంధర్‌కు పీకల దాకా కోపం. దోహా సైట్‌లో పరంజాలు ఎక్కే మనిషికి నడుముకు సేఫ్టీ బెల్టు పట్టడం లేదని ఆఫీసర్ చెవిన వేసి, కిందికి దింపించి, పైపులు మోయిస్తున్నది ఈ ఫోర్‌మనే. ఇప్పుడు బరువు తగ్గే ఆపరేషన్ అంటూ ఆస్పత్రికి వెంటబెట్టుకొచ్చిందీ ఇతనే.

"ఒక్కటే గాటుతోని అయితదట గద మేడం?" అన్నాడు జలంధర్.

"అవుతుందండి. బొడ్డులోంచి ఒకే కోత. మచ్చ కనపడదు, నొప్పి కూడా కాస్త తక్కువ ఉండొచ్చు" అంది డాక్టర్ ఇంద్రజ. "తగ్గే బరువు మాత్రం ఎలా చేసినా ఒకటే. మీకేమో కొవ్వు పట్టి కాలేయం బాగా పెరిగింది. ఒక్క కోతతో చేయడం ప్రమాదం. నాలుగు చిన్న కోతలైతే మంచిది. కొన్ని నెలల్లో ఆ బెల్టు మీకు మళ్ళీ పడుతుంది."

బెల్టు మాటకు జలంధర్ ముఖం వెలిగింది. అంతలోనే వాడిపోయింది.

"నాలుగైతే నాకొద్దు" అని లేచాడు.

"కూసోరా! అంగీ కింద ఎవడు జూస్తడు?" అన్నాడు తిరుమల్.

"ఊరికి పోతే బోరుకాడ అంగీతోనే తానం జేస్తనా అన్నా? మొన్ననే నా పెండ్లాం మమత చిట్టీ ఎత్తి ఊర్ల అప్పంత ఒక్కపారే కట్టె. ఇప్పుడు ఈ గాట్లు జూస్తే, గల్ఫ్‌ల కిడ్నీ అమ్ముకొని తీర్చిండంటరు."

"కిడ్నీ ఎన్క దిక్కుంటది గదరా!"

"ఊరోళ్ళేమన్న డాక్టరీ సదివిండ్రా?"

ఇంద్రజ నవ్వు ఆపుకుంది. తిరుమల్ ఫోన్ తీసి మమతకు వీడియో కాల్ కలిపాడు. "చెల్లే, నీ మొగనికి పానం కంటె పొట్టతోలు ముద్దయింది" అంటూ సంగతంతా చెప్పి, ఫోన్ జలంధర్ చేతిలో పెట్టాడు.

"నాలుగు గాదు, పది పెట్టనియ్" అంది మమత. "నువ్వు మంచిగుండి మళ్ల నీ పని నువ్వు జేస్కుంటే సాలు."

ఆ మాటతో జలంధర్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"మరి ఊరోళ్ళ నోరు?"

"ఊరోళ్ళెవ్వరు ఏమనరు. అప్పెట్ల తీరిందో ఊరంత ఎరికే, నీకొక్కనికే తెల్వదు. చిట్టీ లేదు, గిట్టీ లేదు. నా పేరు మీదున్న ఇరవై మూడు గుంటల పొలం అమ్మిన."